ముగ్గు నుంచి స్లాబు దాకా
ఒక పంచాయతీ కార్యదర్శి డైరీ పుటలు

జనవరి 23, 2025, గురువారం

గ్రామసభ అయ్యేసరికి గొంతు పోయింది. ఇంటికొచ్చి ఉప్పునీళ్లు పుక్కిలించి కూర్చున్నాను.

బడి ఆవరణలో షామియానా, రెండు బల్లలు, ఒక మైకు. సర్పంచుల పదవీకాలం నిరుడు జనవరి 31తో ముగిసింది. అప్పటి నుంచి ఊరికి ప్రత్యేకాధికారే పెద్ద. ఆయనకు సొంత శాఖ పని వేరే ఉంది. మైకు నా చేతికిచ్చి కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

రైతు భరోసా, రేషన్ కార్డుల పేర్లు చదివినంతసేపు జనం గోలగోలగానే ఉన్నారు. ఇందిరమ్మ ఇళ్ల కాగితం తీయగానే చప్పుడు ఆగింది. నిరుడు ప్రజాపాలన కౌంటర్ల దగ్గర రాసిచ్చిన దరఖాస్తులివి. డిసెంబరులో ఇంటింటికీ తిరిగి యాప్‌లో ఎక్కించింది నేనే. గోడ మట్టిదా ఇటుకదా, పైన పెంకులా రేకులా, జాగా ఎవరి పేరున ఉంది, అన్నీ అడిగి, ఇంటి ముందు మనిషిని నిలబెట్టి ఒక ఫోటో. వాటినే ఇప్పుడు మూడు కుప్పలు చేశారు. సొంత జాగా ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్-1. జాగా కూడా లేనివాళ్లు ఎల్-2. మిగతావాళ్లు ఎల్-3. మొదటి విడత ఎల్-1 వాళ్లకే.

చదవడం అయ్యాక చెరువు కట్ట కింద డేరా వేసుకుని ఉండే వడ్డెరాయన లేచాడు. ఊళ్లో ఏ ఇంటికి పునాది తవ్వాలన్నా ఆయన్నే పిలుస్తారు.

"నా పేరు రాలేదా సారూ?"

"వచ్చిందన్నా. రెండో దాంట్ల ఉంది."

"రెండోదంటే?"

"జాగా లేనోళ్లది."

"జాగుంటే డేరా ఎందుకేస్త సారూ?"

జనం నవ్వారు. ఆయన కూడా నవ్వి కూర్చున్నాడు. నేను మైకు ప్రత్యేకాధికారికి ఇచ్చేశాను.

ఆదివారం, 26న, మండలానికొక ఊళ్లో పథకం అమలు మొదలవుతుంది. మా మండలంలో ఆ ఊరు మాది కాదు.


మే 19, సోమవారం

కమిటీ కూర్చుంది. ప్రత్యేకాధికారి అధ్యక్షుడు, నేను కన్వీనరును. మహిళా సంఘాల నుంచి ఇద్దరు, బీసీ, ఎస్సీ, ఎస్టీల నుంచి ఒక్కొక్కరు. టీ రెండుసార్లు వచ్చింది. పేర్లు మాత్రం సాయంత్రం దాకా తెగలేదు.

నియోజకవర్గానికి 3,500 ఇళ్లు. 119 నియోజకవర్గాలకు 4,16,500. ప్రభుత్వం చేతిలో అట్టిపెట్టుకున్న 33,500 కలిపితే నాలుగున్నర లక్షలు. ఇంటికి 5 లక్షల చొప్పున 22,500 కోట్లు. నిరుడు మార్చి 11న భద్రాచలంలో పథకం మొదలైనప్పుడు పేపర్లో చదివిన అంకెలివి. చదివినప్పుడు చాలా పెద్దగా అనిపించాయి. ఈ రోజు నా బల్ల మీదికి వచ్చేసరికి, ఎల్-1లో ఉన్న పేర్లలో మూడో వంతుకు కూడా సరిపోలేదు.

బీడీలు చేసే అక్క పేరు దగ్గర లొల్లి మొదలైంది. రెండేండ్ల కింద వానకు ఆమె ఇంటి వెనక గోడ కూలింది. మిగిలిన మూడు గోడల మధ్య టార్పాలిన్ కట్టుకుని, కూతురితో ఉంటోంది. భర్త చనిపోయి చాలా కాలమైంది. ఆమె అర్హత మీద ఎవరికీ అనుమానం లేదు.

"ఆమె కట్టలేదు సార్," అన్నాడొక సభ్యుడు. "చేతుల పైసా లేదు. మంజూరు చేసి, ముగ్గు పోయకుంటే ఊరికి మాటొస్తది. పైనుంచి రోజూ ఎన్ని గ్రౌండ్ అయినయని మిమ్మల్నే అడుగుతరు. కట్టే తాకతున్నోళ్లకు ఇస్తే మన లెక్క మంచిగుంటది."

ఆయన చెడ్డ మనసుతో అనలేదు. రోజూ ఉదయం వీడియో కాన్ఫరెన్సులో నన్ను అడిగేది అదే మరి. మంజూరైనవి ఎన్ని, ముగ్గు పడ్డవి ఎన్ని, బేస్‌మెంట్ దాటినవి ఎన్ని. మంజూరై ముగ్గు పడని ఇల్లుంటే నా ఊరి పేరు ఎర్ర రంగులో ఉంటుంది.

సంఘం పెద్దమ్మ అప్పటిదాకా కొంగుతో విసురుకుంటూ కూర్చుంది. ఆ మాటకు లేచింది. "తాకతున్నోళ్లు మనం ఇయ్యకున్నా కట్టుకుంటరు. కట్టలేనోళ్లని తీసేసుడుకైతే ఈ కమిటీ ఎందుకు, ఊరి షావుకారి చాలు గద."

పేరు ఉంచాం.

తిరిగొస్తుంటే ఊరి చివర డబుల్ బెడ్రూం పిల్లర్లు కనిపించాయి. 2015లో వచ్చిన పథకం అది. ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు. పల్లెల్లో యూనిట్‌కు 5.04 లక్షలు. లబ్ధిదారు పైసా పెట్టే పనిలేదు, కాంట్రాక్టరు కట్టి తాళంచెవి ఇవ్వాలి. కొల్లూరులో 15,660 ఇళ్లు అట్లాగే లేచాయి, 2023 జూన్‌లో ప్రారంభించారు. పెద్ద ఊళ్లో వందల ఇళ్లు ఒక్కచోట కట్టేవాడికి లెక్క కుదురుతుంది. మా ఊళ్లో పది ఇళ్ల కోసం వచ్చినాయన పిల్లర్ల దాకా కట్టి, బిల్లు గిట్టుబాటు కాలేదని మళ్లీ కనపడలేదు. ఆ సీకులు ఇప్పుడు తుప్పుపట్టి వంగాయి. మేకలు వాటి నీడన పడుకుంటున్నాయి.

అప్పుడు ఇల్లు కట్టే భారం కాంట్రాక్టరుది. ఇప్పుడది బీడీలక్కది.


జూన్ 5, గురువారం

ఈ రోజు ఆరు ఇళ్లకు ముగ్గు పోశాం. నాకు ఈ పని అంటే ఇష్టం. టేపు ఒక కొస నేను, ఇంకో కొస మేస్త్రీ. మూలకు మేకు, మేకు నుంచి మేకుకు దారం, దారం వెంట తెల్లగా సున్నం. ఐదు నిమిషాల్లో ఖాళీ నేల మీద ఇల్లు కనిపిస్తుంది. ఇంటివాళ్లు గీతలు తొక్కకుండా, తలుపు ఉండబోయే చోటు నుంచే లోపలికి వెళ్తారు. ఎవరూ చెప్పకుండానే అట్లా చేస్తారు.

నిబంధన ప్రకారం 400 చదరపు అడుగులకు తగ్గొద్దు, 600 దాటొద్దు. బీడీలక్క ఇరవైకి ఇరవై చాలంది. ఒక హాలు, ఒక గది, వంటిల్లు, బాత్రూం. మిగిలిన మూడు మట్టి గోడలూ పొద్దున్నే పడగొట్టించింది. ఎదురుగా, కొడుకు దుబాయిలో ఉన్న బాపుది ఇరవైకి ముప్పై, సరిగ్గా 600. ఆయన చేతిలో ఫోను, ఫోనులో కొడుకు పంపిన ప్లాను. అందులో ఇల్లు ఇంకా పెద్దగా ఉంది. "దాటితే బిల్లు రాదు బాపూ," అని రెండుసార్లు చెప్పాను. తల ఊపాడు.

గుంతలు తవ్వేది వడ్డెరాయనే. ఆయన, ఆయన భార్య. గడ్డపార మొదటి పోటు వేసే ముందు నేలకు దండం పెట్టుకున్నాడు. ఎవరి ఇల్లయినా అట్లాగే పెడతాడట.

బేస్‌మెంట్ వేగంగా లేవాలి. 26 నుంచి ఆషాఢం. ఆ నెలలో పని మొదలుపెట్టడానికి ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు. అందుకే ఆరింటికీ ఒకే రోజు తొందర.


జూన్ 24, మంగళవారం

బీడీలక్క గుంతల్లో నీళ్లు నిలిచాయి. పని ఆగింది.

రాత్రి కాగితం మీద లెక్క వేసి చూశాను. ఐదు లక్షలు నాలుగు ముక్కలుగా వస్తాయి. బేస్‌మెంట్ అయితే లక్ష. గోడలు లేస్తే లక్షా పాతిక వేలు. స్లాబు పడితే లక్షా డెబ్బై అయిదు వేలు. అంతా అయితే చివరి లక్ష. ప్రతి ముక్క ముందూ "అయితే" ఉంది. పని అయితే పైసలు. పైసలుంటేనే పని. మధ్యలో ఉన్న ఖాళీ ఎవరు నింపాలో ప్రొసీడింగు కాగితంలో లేదు.

ఎందుకిట్లా పెట్టారో నాకు తెలుసు. ముందే ఇచ్చిన చోట ఇల్లు లేవకుండా పైసలు లేచిపోయిన సంగతులు ఈ రాష్ట్రంలో చాలానే ఉన్నాయి. కాగితం మీద కట్టి బిల్లు ఎత్తిన ఇళ్ల మీద విచారణలు కూడా జరిగాయి. అందుకే ఇప్పుడు ఫోటో, ఫోటోలో అక్షాంశం, రేఖాంశం. దొంగను ఆపే తలుపు అది. కానీ చేతిలో ఏమీ లేని మనిషి కూడా ఆ తలుపు ముందే ఆగిపోతోంది.

ఆమె ఊరికే కూర్చోలేదు. మొదట సంఘానికి పోయింది. పునాదికి పైసల్లేని వాళ్లకు సంఘం ద్వారా లక్ష దాకా అప్పు ఇప్పించమని పైనుంచి చెప్పారు. కానీ ఆమె పాత అప్పు ఇంకా తీరలేదు. కొత్తది ఇస్తే గ్రూపు మొత్తానికి మాటొస్తుందని మిగతా తొమ్మిది మంది జంకారు. తరువాత పీఎఫ్. పదహారేండ్లు బీడీలు చుట్టింది, ఇంటి కోసం అడ్వాన్సు తీసుకోవచ్చు. మీసేవలో వేలిముద్ర పెడితే తేలిందేమంటే, పీఎఫ్‌లో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు. సరిచేయడానికి కంపెనీ సంతకం కావాలి, దానికి నెల.

చివరికి మండలంలో సిమెంటు కొట్టాయన ప్రొసీడింగు కాగితం జిరాక్సు పెట్టుకుని ఉద్దెర ఇస్తానన్నాడు. బిల్లు పడగానే ఇయ్యాలి, అప్పటిదాకా నూటికి రెండు మిత్తి. ఇసుక ఉచితమే, కూపన్ నేనే రాయించాను. వాగు నుంచి ఇంటి దాకా ట్రాక్టరు కిరాయి మాత్రం ఉచితం కాదు.

ఎదురింటి బాపుకు ఇవేవీ లేవు. దుబాయి నుంచి నెల నెలా వస్తాయి. బేస్‌మెంట్ ఎప్పుడో దాటింది.


జూలై 11, శుక్రవారం

ఈ పుట రాయాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను.

పొద్దున బీడీలక్క ఫోను చేసింది. "బేస్‌మెంట్ అయింది సారూ, ఫోటో కొట్టిపోండ్రి." వెళ్లాను. పిల్లర్లు, ప్లింత్ బీము అయ్యాయి. గోడ వరసలు రెండు తక్కువ ఉన్నాయి. లోపల మొరం సగమే పడింది. ఆమె కూతురు వాకిట్లో నిలబడ్డ నన్ను చూసి కుర్చీ తెచ్చి వేసింది.

"ఇంకో రెండు వరసలుండాలె అక్కా. మొరం నింపాలె."

మేస్త్రీ పక్కకు తీసుకుపోయాడు. "సార్, జెర కిందికెళ్లి తీయండ్రి. ఎత్తు కనిపిస్తది. లోపలి మొరం ఫోటోల పడదు. ఆ లక్ష వస్తే రెండు రోజుల్ల నింపుత. నా కూలీ సుత అందుల్నే ఉంది."

ఫోను బయటికి తీశాను. యాప్ తెరిచాను. నిజానికి మోకాళ్ల మీద కూర్చుని చూశాను కూడా. ఆ కోణంలో గోడ నిండుగానే కనిపించింది.

తరువాత హౌసింగు ఏఈ వస్తారు, టేపు పెట్టి చూస్తారు. తేడా వస్తే ఉద్యోగం నాది. 2019లో జూనియర్‌గా చేరి, నాలుగేండ్లు పర్మినెంటు కోసం ఎదురుచూసినవాణ్ని. ఫోను జేబులో పెట్టుకున్నాను.

ఆమె ఏమీ అనలేదు. కూతురు తెచ్చిన టీ తాగి వచ్చేశాను. తప్పు చేయలేదని తెలుసు. మధ్యాహ్నం అన్నం మాత్రం సయించలేదు.


జూలై 19, శనివారం

ముగ్గు పోసి ఈ రోజుకు నలభై నాలుగు రోజులు. ఫోటో తీశాను. రెండు వరసలు లేచాయి, మొరం నిండింది. బీడీలక్క చెవుల కమ్మలు అమ్మిందని ఊళ్లో అంటున్నారు. ఫోటోలో ఆమె బేస్‌మెంట్ మీద నిలబడాలి. తల మీద కొంగు చెవుల కిందికి లాక్కుని నిలబడింది.


ఆగస్టు 4, సోమవారం

సోమవారాలు బిల్లులు పడే రోజులు. పొద్దుటి నుంచి ఫోన్లు. "పడ్డయా సారూ?" "పడ్డయి చూడండ్రి." ఎదురింటి బాపుకు మొదటి బిల్లు రాలేదు, దాని కథ వేరు.

బీడీలక్కకు లక్ష పడినట్టు లాగిన్‌లో చూపిస్తోంది. ఆమె పాస్‌బుక్‌లో లేదు. బ్యాంకుకు పోతే, రాలేదు పో అన్నారు. కళ్లలో నీళ్లు పెట్టుకుని పంచాయతీ ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. సిమెంటు కొట్టాయన అప్పటికే రెండుసార్లు మనిషిని పంపాడు.

ఆధార్‌తో పడే పైసలు మనం ఇచ్చిన పాస్‌బుక్‌ను చూసి రావు. ఆధార్ చివరిసారి ఏ ఖాతాకు ముడిపడితే అందులో పడతాయి. "ఎప్పుడన్న ఇంకో ఖాతా తీసినవా అక్కా?" అని అడిగితే లేదంది. గంట తరువాత గుర్తొచ్చింది. కరోనా ఏడు, సంచి భుజాన వేసుకుని ఒకతను వాడకు వచ్చి, మిషన్ మీద వేలు పెట్టించుకుని, కార్డు ఇచ్చి పోయాడట. ఆ కార్డు ఇనుప పెట్టెలో దొరికింది. లక్ష అందులో క్షేమంగా ఉంది.

అందులోంచి ముందు కొట్టు ఉద్దెర, దాని మిత్తి, మేస్త్రీ కూలి, ట్రాక్టరు, గుంతలు తవ్విన వడ్డెరాయనకు ఇవ్వాల్సింది. గోడలకు మిగిలింది ఎంతో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

ఇప్పుడు బాపు కథ. నేను ముగ్గు పోసి పోయిన సాయంత్రమే మేకులు రెండు అడుగులు ముందుకు జరిపి తవ్వించాడు. ఇరవైకి ముప్పై రెండు. 640. ఏఈ టేపు పెట్టగానే బయటపడింది. బిల్లు ఆగింది. రాత్రి దుబాయి నుంచి కొడుకు నాకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. గొంతులో కోపం లేదు. "సారూ, ఇక్కడ పన్నెండు మందిమి ఒక్క రూముల ఉంటున్నం. మంచం మీద మంచం. ఎనిమిదేండ్లాయె. ఇంటికొస్తె కాళ్లు చాపుకునే జాగుండాలె అనుకున్న. రెండడుగులే గద."

దానికి ఏం జవాబివ్వాలో తెలియలేదు. అంకె మార్చే అధికారం నాకు లేదని మెసేజ్ పెట్టాను.


ఆగస్టు 28, గురువారం

నిన్న వినాయక చవితి. పూజ ఎవరు చేశారో దేవుడికే తెలియాలి. రాత్రంతా వాన. కామారెడ్డి, మెదక్ వైపు రోడ్లు కొట్టుకుపోయాయని టీవీలో చూపిస్తున్నారు. మా దగ్గర చెరువు మత్తడి దూకింది.

పొద్దున్నే చెరువు కట్టకు పోయాను. వడ్డెరాయన డేరాలోకి నీళ్లు వచ్చాయి. భార్యాపిల్లలను బడిలోకి తరలించాం. ఆయన మాత్రం రాత్రి బీడీలక్క ఇంటి దగ్గరే ఉన్నాడట, కొత్త ఇటుకల వరసలు తడవకుండా కవర్లు కప్పుతూ. "కచ్చి గోడ సారూ, నాన్తే ఒరుగుతది." డేరా సంగతి అడిగితే, "అది ఒరిగేదేముంది," అన్నాడు.

వాన చూస్తుంటే నాన్న కట్టిన ఇల్లు గుర్తొచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో, 2006లో మొదలైన ఆ తొలి ఇందిరమ్మ ఇళ్లలో మాదొకటి. అప్పుడు హౌసింగు వాళ్లు సిమెంటు బస్తాలు ఇచ్చేవాళ్లు. నాన్న వాటిని మంచం కింద దాచాడు. కూలీలకు పైసలు దొరికేలోపు వానాకాలం వచ్చి, నాలుగు బస్తాలు రాళ్లయ్యాయి. ఆ రాళ్లనే వాకిట్లో మెట్లుగా వేశాడు. ఇప్పటికీ ఉన్నాయి. బస్తా మడత, కుట్టు గుర్తు కూడా వాటి మీద కనిపిస్తాయి. ఆ మెట్ల మీద కూర్చునే నేను పదో తరగతి చదివాను.


సెప్టెంబరు 9, మంగళవారం

ఎంపీడీవో ఆఫీసులో సమావేశం. కేంద్రం పథకం యాప్‌లో కూడా పేర్లు సరిచూసుకోవాలట.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ 2016లో వచ్చింది. మైదాన ప్రాంతంలో ఇంటికి లక్షా ఇరవై వేలు, అందులో కేంద్రం వాటా అరవై శాతం, అంటే 72,000. ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి. ఉపాధి హామీ కింద 90 రోజుల కూలి, మరుగుదొడ్డికి 12,000 వేరే. నిరుడు పథకాన్ని 2028-29 దాకా పొడిగించి, ఇంకో రెండు కోట్ల ఇళ్లు అన్నారు. లక్షా ఇరవై వేలు మాత్రం లక్షా ఇరవై వేలుగానే ఉంది. ఈ తొమ్మిదేండ్లలో మేస్త్రీ కూలి ఎక్కడికి పోయిందో ఆ అంకెకు తెలియదు. రాష్ట్రం ఐదు లక్షలు పెట్టబట్టి సరిపోయింది. అదే లేకుంటే ఆ సొమ్ముకు మా ఊళ్లో స్లాబు కూడా పడదు.

ఐదు లక్షలు తక్కువని నేను అనను. మా నాన్నకు వచ్చినదాంతో పోలిస్తే చాలా ఎక్కువ. నాకు కనిపిస్తున్న చిక్కు మొత్తంలో లేదు, వరసలో ఉంది. మొదటి ముక్క, ఆఖరికి యాభై వేలయినా, గుంతలు తవ్విన రోజు చేతిలో పడితే బీడీలక్కకు నూటికి రెండు మిత్తి ఉండేది కాదు, కమ్మలు ఉండేవి. గుంతలకూ ఫోటో తీయొచ్చు కదా. సమావేశంలో ఈ మాట అనబోయాను. నా వంతు వచ్చేసరికి భోజనాల టైమైంది.

బాపు ముందు గోడ కొట్టించాడు. రెండడుగులు వెనక్కి. బిల్లులు కదిలాయి. కొట్టిన చోట బేస్‌మెంట్ మిగిలింది, దాని మీద అరుగు వేయిస్తానన్నాడు. కొడుకు వచ్చాక కాళ్లు చాపుకోవడానికి.


సెప్టెంబరు 24, బుధవారం

బీడీలక్క స్లాబు.

పొద్దున ఆరింటికే మిల్లరు వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు. సెంట్రింగ్ కర్రల కింద నుంచి చూస్తే ఇల్లంతా అడవిలా ఉంది. కంకర, ఇసుక, సిమెంటు, నీళ్లు. ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి తట్టలు. పైన వడ్డెరాయన, నడుముకు తువ్వాల చుట్టుకుని మాలు పరుస్తున్నాడు. ఇరవైకి ఇరవై స్లాబు పొద్దెక్కే లోపే అయిపోయింది. నాలుగు నెలల తిప్పలు, నాలుగు గంటల పని.

సీకులూ, సిమెంటూ మళ్లీ ఉద్దెరే. కాకపోతే ఈసారి కొట్టాయన మిత్తి అడగలేదట. గోడల బిల్లు లక్షా పాతిక వేలు అనుకున్న సోమవారమే పడటంతో నమ్మకం కుదిరింది. ఊళ్లో ఇదొక మార్పు. ఇంతకుముందు ప్రభుత్వం బిల్లు వస్తుందంటే షావుకారి నవ్వేవాడు.

మధ్యాహ్నం స్లాబు దావత్. కోడికూర, అన్నం. కూలీలందరూ తిన్నాక బీడీలక్క నా విస్తరిలో ఇంకో ముక్క వేస్తూ అంది. "ఆ రోజు మీరు ఫోటో కొట్టలేదని శానా తిట్టుకున్న సారూ."

"తెలుసక్కా."

"కొడితే కమ్మలు మిగిలేటియి. ఏఈ సారు జూసి బిల్లు ఆపితే ఇల్లే ఆగేదేమో. ఏది సరైందో నాకు సుత ఎరుకలేదు."

నాకూ తెలియదు. అదే మాట ఆమెతో అన్నాను.

సాయంత్రం వాడలో బతుకమ్మ. ఆమె కూతురు మొదటిసారి తమ వాకిట్లోంచి బతుకమ్మను ఎత్తుకుపోయింది. ఇన్నేండ్లూ పక్కింట్లో పేర్చేదట.


నవంబరు 9, ఆదివారం

సెలవు రోజు. అయినా బీడీలక్క పిలిచిందని వెళ్లాను. పొయ్యి మీద పాలు పొంగించింది. గోడలకు ప్లాస్టరింగ్ లేదు, కిటికీలకు రెక్కల్లేవు, ముందు తలుపు ఒక్కటే ఉంది. బాత్రూంకు గుంత తవ్వాలి. అవన్నీ అయితే చివరి లక్ష. ఆ లక్ష వచ్చేదాకా అవి కావు. మళ్లీ అదే వరస. ఈసారి ఆమె కంగారు పడటం లేదు. "తల మీద నీడైంది. ఇగ నిమ్మలంగ చేసుకుంట," అంది. పీఎఫ్‌లో పేరు మారిందట, కంపెనీ సంతకం పెట్టింది. ఐదు నెలలు పట్టింది.

ఎదురింటి అరుగు మీద బాపు కూర్చుని ఫోనులో కొడుక్కి ఇల్లు చూపిస్తున్నాడు. కెమెరా మెల్లగా తిప్పుతూ, గది గదికీ కొలతలు చెబుతూ.

మా ఊళ్లో ముగ్గు పడిన ఇళ్లన్నీ స్లాబు దాటాయి. కాన్ఫరెన్సులో నా ఊరి పేరు ఇప్పుడు ఆకుపచ్చ రంగులో ఉంటుంది. ఎల్-2 కాగితం అల్మారాలో ఉంది, దాని గురించి ఇంకా ఎవరూ అడగలేదు.

తిరిగొచ్చేటప్పుడు చెరువు కట్ట మీదుగా వచ్చాను. వడ్డెరాయన డేరా మార్చి, కాస్త మెరక మీదికి వేస్తున్నాడు. కట్టేది నీలం టార్పాలిన్. ఒక మూల నల్ల గుడ్డ అతుకు ఉంది. ఆ అతుకు నాకు తెలుసు. రెండేండ్లు బీడీలక్క ఇంటి మీద ఉన్నది అదే. నాకిక పనిలేదని పొద్దున ఆయన భార్యకు ఇచ్చేసిందట.

ఆయన నాలుగు మూలలా రాళ్లు పేర్చి, మధ్యలో మొరం పోసి గట్టిగా దిమ్మిస కొట్టాడు. పని బాగా తెలిసిన చేయి. జానెడు ఎత్తు లేచింది. నన్ను చూసి దిమ్మిస పక్కన పెట్టి, నవ్వుతూ వాకిట్లో నిటారుగా నిలబడ్డాడు.

"బేస్‌మెంట్ అయింది సారూ, ఫోటో కొట్టు."

భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. బండి దిగి ఫోటో తీశాను. యాప్‌లో కాదు, ఉత్త ఫోనులో.